ఏడు పౌండ్ల .308 కోసం

నా దగ్గర ఉన్న .308 (తూటా సైజు పేరు) సెమీ ఆటోమేటిక్ రైఫిల్ స్కోప్‌తో, నిండు మ్యాగజైన్‌తో కలిపి పన్నెండు పౌండ్లు దాటుతుంది. అంటే ఐదున్నర కిలోలు. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాల్చేటప్పుడు ఆ బరువు వరం. అదే రైఫిల్ భుజాన వేసుకుని, సాయంత్రం పూట ఇక్కడ టెక్సస్‌లో దుక్కి దున్నిన చేలల్లో పందుల జాడ పట్టుకుని నడిస్తే మాత్రం గంట తిరక్కుండానే భుజం పట్టేస్తుంది. నేను పొట్టిగా, సన్నగా ఉంటాను. కాసేపటికి రైఫిల్ మా ఆయన భుజానికి మారుతుంది. తీరా పందులు కనిపించే వేళకి అది నా చేతిలో ఉండదు. అందుకే ఏళ్ల తరబడి నేను ఎదురుచూసింది ఒక్కదాని కోసమే: ఏడు పౌండ్ల దగ్గర ఆగిపోయే, నమ్మదగిన .308.

"అంత పెద్ద తూటా ఎందుకు, చిన్నదైన 5.56 సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. చిన్న పందికి సరిపోతుంది. కానీ అడవి పందికి గుండె, ఊపిరితిత్తులు శరీరంలో బాగా కిందికి, ముందు కాళ్ల వైపుకి ఉంటాయి. ముదిరిన మగ పందికి భుజం మీద చర్మం కవచంలా గట్టిపడి ఉంటుంది. దెబ్బ తగిలి చావకుండా పొదల్లోకి పారిపోయిన జంతువు పడే బాధ నేను చూడలేను. ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సిన బోల్ట్ యాక్షన్ ఎందుకు కాదంటే, పందులు ఎక్కువగా మందగా వస్తాయి. మొదటి గుండు కొంచెం అటూ ఇటూ అయితే, కళ్లు స్కోప్ మీంచి తీయకుండా రెండోది వెంటనే వేయగలగాలి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకే గుండు పేలి, తర్వాతి తూటా దానంతట అదే ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి, ఎక్కేదే సెమీ ఆటోమేటిక్. నా పనికి కావలసింది అదే. మా నాన్న వేరుశనగ చేలో మంచె కట్టుకుని, రాత్రంతా డబ్బా కొడుతూ పందుల్ని తోలేవారు. ఒక్క రాత్రిలో అవి పొలాన్ని ఏం చేయగలవో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

తేలికైన .308 అనేది కొత్త కలేమీ కాదు. 1950లలో ఆర్మలైట్ కంపెనీలో యూజీన్ స్టోనర్ తయారుచేసిన ఏఆర్-10 నమూనా ఏడు పౌండ్ల దగ్గరే ఉండేది. కానీ బరువు తగ్గించడం కోసం అల్యూమినియం, ఉక్కు కలిపి చేసిన బ్యారెల్ (తుపాకీ గొట్టం) 1957 మొదట్లో సైన్యం పరీక్షల్లో పగిలింది. ఆ ఏడాదే అమెరికా సైన్యం ఎం14 రైఫిల్‌ని ఎంచుకుంది. ఏఆర్-10ని చిన్న తూటాకి తగ్గట్టు చిన్నది చేస్తే ఏఆర్-15 వచ్చింది. ఆ చిన్నదే ప్రపంచమంతా తెలిసింది. పెద్దది మాత్రం చేతులు మారి, కంపెనీలు మారి, బరువు పెరుగుతూ వచ్చింది.

అసలు చిక్కు ఒత్తిడి దగ్గర ఉంది. 5.56కి దగ్గరి చుట్టమైన .223 తూటాకి గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు అయితే, .308కి 62,000. పైగా .308 కేసు (తూటా తొడుగు) అడుగు వెడల్పు ఎక్కువ కాబట్టి, ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ మీద పడే తోపు ఇంకా ఎక్కువ. ఆ తోపుని తట్టుకునే బోల్ట్‌ని చిన్నదిగా చేయాలంటే మంచి లోహం కావాలి, గట్టి లెక్కలూ కావాలి. 2014లో డీపీఎంఎస్ కంపెనీ జీ2 రైఫిల్ ఆ దారి పట్టింది. 2022లో రూగర్ కంపెనీ ఎస్ఎఫ్ఏఆర్ పేరుతో పదహారంగుళాల బ్యారెల్‌తో 6.8 పౌండ్ల రైఫిల్ తెచ్చాక, అది సాధ్యమేనని అందరికీ నమ్మకం కుదిరింది. ఆ తర్వాత మరో కంపెనీ కూడా అదే తరహా రైఫిల్ తెస్తున్నామని ప్రకటించింది. నాకు కావలసిన బ్యారెల్ పొడవు, నాకు సరిపడే స్టాక్ (భుజానికి ఆనే భాగం), అన్నీ దాంట్లో ఉన్నాయి. నేను చివరికి కొన్నది అదే. ఒక్క తుపాకీని పట్టుకుని మొత్తం కంపెనీ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు కాబట్టి పేరు రాయడం లేదు.

ప్రకటన వచ్చిన సాయంత్రమే రేంజ్‌లో నాతోపాటు షూట్ చేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, చూశావా? బుకింగ్ మొదలైందంట. మొదటి బ్యాచ్‌లోనే పెట్టేద్దాం, లేకపోతే మళ్లీ దొరకదు" అని ఒకటే హడావిడి. "ఆగు తమ్ముడూ. దొరక్కపోతే రెండో బ్యాచ్ వస్తుంది. అది వచ్చేలోపు మొదటి బ్యాచ్‌లో ఏం తేలిందో తెలిసిపోతుంది" అన్నాను. వాడికి అది పిరికితనంలా అనిపించింది. నాకది పిరికితనం కాదు, పరీక్షలో మొదటి భాగం.

చరిత్ర తిరగేస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. ఎం1 గరాండ్ అనే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ని అమెరికా సైన్యం 1936లో తీసుకుంది. ఇప్పుడు అందరూ దాన్ని మెచ్చుకుంటారు. కానీ మొదట వచ్చిన గరాండ్, మనం మెచ్చుకునే గరాండ్ ఒకటి కాదు. మొదటి వాటిల్లో బ్యారెల్ మూతి దగ్గర గొట్టం బిగించి, గుండు బయటికి వెళ్లిన తర్వాత వచ్చే గ్యాస్‌ని బోల్ట్‌ని వెనక్కి నెట్టడానికి పట్టేవారు. అది మసి పట్టేది, వదులయ్యేది. 1940 నుంచి బ్యారెల్‌కే అడుగున రంధ్రం పెట్టి గ్యాస్ తీసుకోవడం మొదలుపెట్టారు, పాతవాటిని వెనక్కి తెప్పించి మార్చారు. ఆ రోజుల్లోనే ఏడో తూటా ఇరుక్కుపోయే జబ్బు ఒకటి బయటపడింది. ఎనిమిది తూటాల క్లిప్‌లో మిగతావన్నీ సరిగ్గా వెళ్లి, ఏడోది మాత్రం మొండికేసేది. కారణం వెతికితే, ఫ్యాక్టరీలో రిసీవర్ (బోల్ట్ కదిలే ప్రధాన భాగం) కోసేటప్పుడు క్లిప్‌ని నిలబెట్టే చిన్న గట్టు కొంత తెగిపోతోందని తేలింది. డిజైన్ మంచిదే, తయారీలో ఒక కోత తప్పింది. ఈ రెంటికీ ఉన్న తేడా ముఖ్యం. ప్రకటనలో మనకి కనిపించేది డిజైన్, మన చేతికి వచ్చేది తయారీ.

ఏఆర్-15కి సైనిక రూపమైన ఎం16 సంగతి ఇంకా బాధాకరం. వియత్నాంలో సైనికుల చేతుల్లో అది జామ్ అయింది. తూటాలో మందు రకం మార్చారు, ఛాంబర్‌కి క్రోమ్ పూత వేయలేదు, శుభ్రం చేసుకునే సరంజామా సరిగ్గా అందించలేదు. 1967లో కాంగ్రెస్ ఉపసంఘం విచారణ జరిపింది. ఆ తర్వాత ఛాంబర్‌కి క్రోమ్ వచ్చింది, బోల్ట్ వెనక్కి వచ్చే దెబ్బని ఆపే బఫర్ మారింది, శిక్షణ మారింది. అదే రైఫిల్ కుటుంబం ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది.

మనలాంటి మామూలు కొనుగోలుదారులకి దగ్గరి ఉదాహరణ ఏసీఆర్ అనే రైఫిల్. మ్యాగ్‌పుల్ కంపెనీ 2007లో తుపాకుల వ్యాపార ప్రదర్శన అయిన షాట్ షోలో మసాడా పేరుతో దాన్ని చూపించినప్పుడు, ఇక మిగతా రైఫిళ్లకి కాలం చెల్లిందనుకున్నారు. 2008లో అది బుష్‌మాస్టర్ కంపెనీ చేతికి వెళ్లింది. అమ్మకానికి వచ్చింది 2010లో, అదీ మొదట అనుకున్న ధరకంటే బాగా ఎక్కువకి. ఆ అక్టోబరులోనే, ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒకటికి మించి గుళ్లు పేలే ప్రమాదం ఉందని కంపెనీయే రీకాల్ ప్రకటించింది. మూడేళ్లు ఎదురుచూసి కొన్నవాళ్లు రైఫిల్‌ని డబ్బాలో పెట్టి తిరిగి పంపాల్సి వచ్చింది. రీకాల్ చేయడం మంచి పనే. కానీ ఆ ప్రమాదం తెలియని రోజుల్లో కాల్చినవాళ్ల పక్కన ఎవరున్నారో ఆలోచించండి.

ఎదురుచూసే రోజుల్లో నేను ఊరికే కూర్చోలేదు. వీడియోలు తక్కువ చూశాను, మాన్యువల్ ఎక్కువ చదివాను. రైఫిల్ షాపులకి రాకముందే చాలా కంపెనీలు యూజర్ మాన్యువల్‌ని సైట్‌లో పెట్టేస్తాయి. అందులో చివర విడిభాగాల బొమ్మ ఒకటి ఉంటుంది. ప్రకటనలో దాచినవన్నీ ఆ ఒక్క పేజీలో కనిపిస్తాయి. ఏఆర్-15లో ఒక కంపెనీ బోల్ట్ మరో కంపెనీ రైఫిల్‌లో పడుతుంది, ఎందుకంటే సైన్యం కొలతలు వాటి వెనక ఉన్నాయి. .308 సైజులో అలాంటి ఉమ్మడి కొలతలు లేవు. ఒకరి పార్టులు మరొకరికి చాలాసార్లు పట్టవు. తేలికైన రకాల్లో అయితే బోల్ట్, దాన్ని మోసే క్యారియర్, బ్యారెల్ వెనక బిగించే భాగం దాదాపు ఆ కంపెనీకే ప్రత్యేకం. ఖాళీ కేసుని పట్టి లాగే బోల్ట్ ఎక్స్‌ట్రాక్టర్ విరిగితే ఎక్కడి నుంచి తెప్పించుకోవాలి? ఈ ప్రశ్నకి జవాబు లేకుండా కొనకూడదని నా పట్టుదల. నేను కంపెనీకి రాశాను. ఎక్స్‌ట్రాక్టర్, స్ప్రింగు, ఫైరింగ్ పిన్ విడిగా అమ్ముతారు. బోల్ట్ మాత్రం విడిగా అమ్మరు, పాడైతే రైఫిల్ పంపాల్సిందే. ఇది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు.

వీడియోల గురించి ఒక్క మాట. ప్రదర్శనలకి తెచ్చే రైఫిళ్లు చాలావరకు చేత్తో సరిచూసి అమర్చినవి. అమ్మకానికి వచ్చేవి లైన్ మీద తయారయ్యేవి. కాబట్టి షో రోజు వీడియోల్ని నేను ఆకారం చూడ్డానికే వాడుకుంటాను. షాపులో కొన్న రైఫిల్ గురించి, వందల తూటాలు కాల్చాక, జామ్ అయిన ఫొటోతో సహా చెప్పినవాళ్ల మాటకే విలువ. అలాంటివాళ్లు రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలలే నేను ఆగింది.

ఇది చదివే మనవాళ్లలో చాలామంది వీసా మీద ఉంటారు కాబట్టి ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అదే లెక్క. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఇక్కడే టెక్సస్‌లో చాలామంది పొరబడతారు. 2019 సెప్టెంబరు నుంచి ఇక్కడ ప్రైవేటు పొలంలో యజమాని అనుమతి ఉంటే వేట లైసెన్స్ లేకుండానే అడవి పందుల్ని కాల్చవచ్చు. అది రాష్ట్రం ఇచ్చిన సడలింపు మాత్రమే. వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ మినహాయింపు కావాలంటే చేతిలో లైసెన్స్ ఉండాల్సిందే. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు. నేను గ్రీన్ కార్డ్ వచ్చేదాకా తుపాకీ ముట్టుకోలేదు. ఒక సరదా కోసం ఇమ్మిగ్రేషన్ మొత్తాన్ని పణంగా పెట్టకండి. అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి.

సరే, రైఫిల్ వచ్చింది. రేంజ్‌కి తీసుకెళ్లే ముందు బల్ల మీద పాత గుడ్డ పరిచి, మ్యాగజైన్ లేదని, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసి, విప్పాను. మొదట చూసింది బోల్ట్ క్యారియర్ పైన ఉండి, గ్యాస్‌ని అందుకునే గ్యాస్ కీ. దాన్ని రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి. అవి వదులు కాకుండా కీ అంచులోని లోహాన్ని పంచ్‌తో కొట్టి స్క్రూ తలలోకి నొక్కుతారు. దాన్నే స్టేకింగ్ అంటారు. సరిగ్గా కొడితే లోహం స్క్రూ గాడిలోకి దిగి కనిపిస్తుంది. కొందరు పైపైన గుర్తు మాత్రం పెట్టి వదిలేస్తారు, అది ఉన్నా లేనట్టే. నా రైఫిల్‌లో ముందు స్క్రూకి లోతుగా దిగింది, వెనకదానికి ఒక వైపు అంతంతమాత్రం. స్టాక్ గొట్టాన్ని పట్టి ఉంచే నట్టుకి మాత్రం చక్కగా కొట్టారు. నేను తెల్ల పెయింట్ మార్కర్ తీసుకుని, గ్యాస్ కీ స్క్రూలు, గ్యాస్ బ్లాక్ (బ్యారెల్ నుంచి గ్యాస్ తీసే దిమ్మ), హ్యాండ్‌గార్డ్ (ముందు చేత్తో పట్టుకునే తొడుగు), స్కోప్ మౌంట్ అన్నిటికీ స్క్రూ తల మీంచి పక్క లోహం మీదికి సన్నని గీత గీశాను. స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగిపోతుంది. చవకైన పని, దీనికి మించిన కాపలా లేదు.

తర్వాత ఖాళీ రైఫిల్‌తోనే ట్రిగ్గర్ పరీక్ష. కాక్ చేసి, ట్రిగ్గర్ నొక్కి, నొక్కిన వేలు తీయకుండానే ఛార్జింగ్ హ్యాండిల్ లాగి వదలాలి. హ్యామర్ పడకూడదు. అప్పుడు వేలు మెల్లగా వదిలితే 'టిక్' మని రీసెట్ అవ్వాలి. సేఫ్టీ పెట్టి నొక్కితే ఏమీ జరగకూడదు, ఆ తర్వాత సేఫ్టీ తీయగానే హ్యామర్ దానంతట అది పడకూడదు. ఏసీఆర్ లాంటి రీకాల్‌లు గుర్తున్నవాళ్లెవరూ ఈ రెండు నిమిషాలు దాటవేయరు.

రేంజ్‌లో మొదట మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టాను. పేలింది, బోల్ట్ వెనక్కి వెళ్లి తెరుచుకుని ఆగింది. తర్వాత రెండు, ఆ తర్వాత మూడు. ఇలా ఎందుకంటే, కొత్త తుపాకీలో ట్రిగ్గర్ లోపం ఏదైనా ఉండి రెండు గుళ్లు వెంటవెంటనే పేలినా, మ్యాగజైన్‌లో ఇరవై ఉన్నప్పుడు తెలియడం కంటే రెండే ఉన్నప్పుడు తెలియడం నయం. పక్క లేన్‌లో ఉన్న కుర్రాడు తొందరపడుతూనే ఉన్నాడు. "అక్కా, ఇంకెప్పుడు నింపుతావ్?" "గ్యాస్ సర్దాక."

గ్యాస్ విషయమే ఈ రైఫిల్‌లో నాకు ఎక్కువ పని పెట్టింది. మూతి వైపుని గడియారంలో పన్నెండు అనుకుంటే, ఖాళీ కేసులు మూడుకీ నాలుగున్నరకీ మధ్య పడాలి. నావి ఒంటిగంట వైపు, లేన్ గోడ దాటి ముందుకి ఎగిరిపోతున్నాయి. అంటే గ్యాస్ ఎక్కువైంది, బోల్ట్ అవసరానికి మించి వేగంగా వెనక్కి వస్తోంది. నాలుగు కేసులు ఏరుకుని కళ్లజోడు పెట్టుకుని చూశాను. కేసు అడుగు అంచు ఒక పక్క వంగి ఉంది, ఎక్స్‌ట్రాక్టర్ గోరు పట్టి లాగిన గీత స్పష్టంగా కనబడుతోంది. అడుగున అక్షరాల మీద, కేసుని బయటికి తోసే ఎజెక్టర్ రాసుకున్న మెరుపు మచ్చ. ఛాంబర్‌లో ఒత్తిడి ఇంకా పూర్తిగా దిగకముందే, కేసు గోడల్ని అంటిపెట్టుకుని ఉండగానే బోల్ట్ దాన్ని పీకేస్తోందన్నమాట. రైఫిల్ జామ్ కావడం లేదు, కాబట్టి చాలామంది ఇది గమనించరు. కానీ ఎక్స్‌ట్రాక్టర్ ఆయుష్షు తగ్గేది ఇక్కడే, భుజానికి తగిలే కుదుపు పెరిగేదీ ఇక్కడే.

గ్యాస్ బ్లాక్ మీద తిప్పే మరని ఫ్యాక్టరీ వాళ్లు బాగా తెరిచి పంపారు. ఏ చవక తూటా వేసినా, ఎంత చలిలో అయినా రైఫిల్ ఆడాలని అలా పంపుతారు, అది నాకు అర్థమయ్యే నిర్ణయమే. ఒక్కో మెట్టు తగ్గిస్తూ, ప్రతి మెట్టుకీ మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి, బోల్ట్ చివర్లో తెరుచుకుని ఆగుతోందా లేదా అని చూశాను. ఒక మెట్టు దగ్గర ఆగలేదు, అక్కడి నుంచి ఒకటి పైకి తెచ్చాను. కేసులు నాలుగు గంటల వైపు, నా కుడి మోచేతికి కాస్త దూరంలో కుప్పగా పడటం మొదలైంది. కేసు అంచులు నున్నగా వచ్చాయి. తన్ను కూడా తేడా తెలిసేంత తగ్గింది.

ఇక గురి. కంపెనీ ఒక ఎంఓఏ (గుళ్లు చెదరడాన్ని కొలిచే కోణం) అని చెప్పింది. అంటే వంద గజాల దగ్గర అంగుళం పైచిలుకు, సరిగ్గా చెప్పాలంటే 1.047 అంగుళాలు. ఆ మాట కింద చిన్న అక్షరాల్లో 'మూడు గుళ్ల గ్రూపు' అని ఉంది. గ్రూపు అంటే ఒకే గురికి వేసిన గుళ్ల గుంపు, నేను పది గుళ్ల గ్రూపులే వేస్తాను. 168 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) మ్యాచ్ తూటాలతో, అంటే పోటీల కోసం చేసేవాటితో, సగటు అంగుళంన్నర దాటింది, 1.6 దగ్గర తేలింది. కుర్రాడు టార్గెట్ చూసి "మోసం చేశారక్కా, ఒక అంగుళం అన్నారు కదా" అన్నాడు. కాదు. గుళ్లు చెదిరే తీరు మీద లెక్కగట్టి చూస్తే, అదే రైఫిల్ అదే తూటాతో ఐదు గుళ్ల గ్రూపు సగటున మూడు గుళ్లదానికి 1.27 రెట్లు ఉంటుంది, పది గుళ్లది దాదాపు 1.6 రెట్లు. గుళ్లు పెరిగే కొద్దీ దూరంగా పడేది ఒకటో రెండో తప్పక వస్తుంది. కాబట్టి మూడు గుళ్ల అంగుళం, పది గుళ్ల 1.6 ఒకే రైఫిల్‌ని చెప్పే రెండు మాటలు. కంపెనీ అబద్ధం చెప్పలేదు, తనకి అనుకూలమైన మాట చెప్పింది. మూడు గుళ్ల గ్రూపు ఫొటో పెట్టి "అరంగుళం రైఫిల్" అనేవాళ్లని చూస్తే మాత్రం నాకు కోపమే వస్తుంది. వాళ్ల మాట నమ్మి కొన్న కొత్తవాళ్లు, తమ చేతిలోనే ఏదో లోపం ఉందని బెంగపడతారు.

150 గ్రెయిన్ల వేట తూటాలతో రెండంగుళాలు. 147 గ్రెయిన్ల చవక రకంతో మూడంగుళాలు దాటింది. నాకు ముఖ్యమైనది వేట తూటా. దాంతోపాటు ఇంకొకటి కూడా చూస్తాను: చల్లటి బ్యారెల్ నుంచి వచ్చే మొదటి గుండు. వేటలో ఉండేది అదే. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ మొదటి గుండుని విడిగా ఒకే కాగితం మీద వేస్తూ, ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చుకుంటాను. ఈ రైఫిల్ మొదటి గుండు గ్రూపు మధ్య నుంచి కాస్త పైకి పడుతుంది, కానీ ప్రతిసారీ అటే పడుతుంది. అలా ఉంటే నాకు నిశ్చింత. ఒకసారి కిందికి, ఒకసారి పక్కకి పడే రైఫిల్ అయితే అమ్మేసేదాన్ని.

సన్నటి బ్యారెల్ కాబట్టి త్వరగా వేడెక్కుతుంది. ఒకే మ్యాగజైన్ గబగబా కాల్చేశాక గ్రూపు పైకి, కుడివైపుకి సాగింది. తేలికదనానికి కట్టే మూల్యం ఇది, దీనికి మందు లేదు. పందుల మంద మీద మూడు నాలుగు గుళ్లకి మించి కాల్చే సందర్భం నాకు రాదు, కాబట్టి సర్దుకోగలను. పోటీల కోసం కొనాలనుకునేవాళ్లు మాత్రం ఇది వదిలేసి బరువైనదే తీసుకోండి.

తన్ను సంగతీ దాచను. తూటా అదే అయినప్పుడు రైఫిల్ బరువు పది పౌండ్ల నుంచి ఏడుకి దిగితే, వెనక్కి తన్నే శక్తి సుమారు 43 శాతం పెరుగుతుంది. గ్యాస్‌ని పక్కలకి మళ్లించే, మూతికి బిగించిన బ్రేక్ అందులో చాలావరకు మింగేస్తుంది, బదులుగా పక్కన నిలబడ్డవాళ్ల చెవుల్ని హింసిస్తుంది. మా ఆయన నా ఎడమ పక్క నుంచి లేచి రెండు లేన్లు అవతలికి వెళ్లిపోయారు. చెవి ప్లగ్గుల మీద మళ్లీ మఫ్‌లు, రెండూ పెట్టుకోవాల్సిందే. నా మట్టుకు నాకు ఆ తన్ను ఇబ్బంది కాలేదు, స్టాక్ పొట్టిగా సర్దుకోవడం వల్ల భుజంలో సరిగ్గా కూర్చుంది. ట్రిగ్గర్ నాలుగున్నర పౌండ్ల దగ్గర, కొంచెం గరుకుగా మొదలై వాడేకొద్దీ నున్నబడింది. దాని మీద ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

రైఫిల్‌ని కావాలనే శుభ్రం చేయకుండా, కేవలం నూనె వేస్తూ చాలా రోజులు వాడాను. జామ్ అయింది ఒకే మ్యాగజైన్‌తో, అదీ అంచులు వంగిన పాతదానితో. దాన్ని పక్కన పెట్టాక మళ్లీ ఆగలేదు. తెల్ల గీతలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్క హ్యాండ్‌గార్డ్ స్క్రూ దగ్గర తప్ప. అక్కడ గీత స్పష్టంగా రెండుగా విరిగింది. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించి కొత్త గీత గీశాను. ఆ తర్వాత కదల్లేదు. వెనక గ్యాస్ కీ స్క్రూ కదలకపోయినా, దాన్ని గన్‌స్మిత్ చేత మళ్లీ స్టేక్ చేయించాను.

స్కోప్, నిండు మ్యాగజైన్‌తో ఇప్పుడు మోసేది తొమ్మిది పౌండ్ల లోపే. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడిచినా రైఫిల్ నా భుజం మీదే ఉంటోంది, మా ఆయన తన సామాను తను మోసుకుంటున్నారు. రైఫిల్‌ని ఉంచుకుంటున్నాను. కుర్రాడికి కూడా కొనమనే చెప్పాను. కొన్న రోజే గ్యాస్ సర్దుకోమని, రెండు ఎక్స్‌ట్రాక్టర్లు, ఒక స్ప్రింగు అదనంగా తెప్పించి పెట్టుకోమని చెప్పాను. బోల్ట్ విడిగా అమ్మమని కంపెనీకి మళ్లీ రాశాను. జవాబు వస్తే ఇక్కడే కింద చేరుస్తాను. గట్టి చలి మొదలయ్యాక ఇదే గ్యాస్ మెట్టు మీద, ఇవే వేట తూటాలతో మరోసారి చూడాలి. బోల్ట్ ఆగడం మానేస్తే ఒక మెట్టు పెంచి, ఆ ఫలితం కూడా రాస్తాను.